రిపోర్టు కోసం ఇంజెక్షన్ ఆపకండి

వారం రోజులుగా విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది, పిల్లల స్కూలు గ్రూపులోకీ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: 'తీవ్రమైన అలర్జీ వస్తే ముందు ట్రిప్టేజ్ పరీక్షకి రక్తం ఇవ్వండి, ఇంజెక్షన్ పడితే రిపోర్టు తప్పొస్తుంది. నార్మల్ వస్తే అది అలర్జీయే కాదు, గ్యాసో టెన్షనో. ఏం తినకూడదో తెలియాలంటే ఫుల్ అలర్జీ ప్యానెల్ చేయించుకోండి.' ల్యాబ్‌లో రక్తం తీయడం నా పని. ట్రిప్టేజ్ అంటే అలర్జీ రియాక్షన్ వచ్చినప్పుడు రక్తంలో పెరిగే ఒక ఎంజైమ్. చదివి ఊరుకోలేకపోయాను. మొదటి మాట నమ్మితే ప్రాణం పోతుంది.

ముందు ఆ మాటే చూద్దాం. ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ రియాక్షన్‌నే అనాఫిలాక్సిస్ అంటారు. అనాఫిలాక్సిస్‌లో గొంతు వాచడానికైనా, బీపీ పడిపోవడానికైనా నిమిషాలు చాలు. వెంటనే కావలసింది తొడ బయటివైపు కండరానికి అడ్రినలిన్ ఇంజెక్షన్. ఇంట్లో వేసుకునే అలర్జీ మాత్ర దురద తగ్గిస్తుందేమో గానీ పడిపోయిన బీపీని లేపలేదు. ట్రిప్టేజ్ చూసే మెషిన్ మా ల్యాబ్‌లో లేదు. సీరం వేరుచేసి ఐస్ పెట్టెలో వేరే ఊరికి పంపుతాం, రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. చికిత్స దాని కోసం ఆగదు. పైగా అడ్రినలిన్ వల్ల ఈ పరీక్ష చెడదు. బ్రిటన్‌లో 2011లో వచ్చిన నైస్ (అక్కడ వైద్య ప్రమాణాలు చెప్పే సంస్థ) మార్గదర్శకాలు కూడా చికిత్స మొదలుపెట్టాకే రక్తం తీయమంటాయి. చర్మం మీద గుచ్చి చేసే అలర్జీ పరీక్షకి ముందు కొన్ని రోజులు అలర్జీ మాత్రలు ఆపమంటారు. ఆ సంగతే ఎవరో తెచ్చి ఇక్కడ అతికించినట్టున్నారు.

'నార్మల్ అయితే అలర్జీ కాదు' అన్నది ఇంకా లోతైన పొరపాటు. ఈ మధ్య జాలారిపేట వైపు నుంచి ఒకావిడ వచ్చారు. రొయ్యల ఇగురు తిన్న పావుగంటకి పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, కళ్లు తిరిగి పడిపోయారట. మా దగ్గర రక్తం ఇచ్చింది రెండు రోజుల తర్వాత. చీటీలో రియాక్షన్ మొదలైన టైమ్ రాసేచోట ఖాళీ. రిపోర్టు తీసుకుని, "నార్మలే కదా బాబూ, మళ్లీ తినొచ్చా?" అని అడిగారు. "వద్దమ్మా, అలర్జీ డాక్టరుగారిని కలిసేదాకా రొయ్య ముట్టుకోవద్దు" అన్నాను.

ట్రిప్టేజ్‌ని రక్తంలోకి వదిలేవి మాస్ట్ కణాలు, అంటే అలర్జీ రియాక్షన్‌ని రేపే రోగనిరోధక కణాలు. రియాక్షన్ మొదలైన గంట, రెండు గంటల్లో అది బాగా పెరుగుతుంది, తర్వాత సుమారు రెండేసి గంటలకి సగమవుతూ పోతుంది. అందుకే నాలుగు గంటలు దాటకుండా తీయాలంటారు. అంతా తగ్గి 24 గంటలు గడిచాక ఇంకో శాంపిల్ తీసి రెండిటినీ పోల్చాలి. ఈ రెండో శాంపిల్‌లో వచ్చేదే ఆ మనిషి మామూలు స్థాయి. దాన్ని 1.2తో హెచ్చవేసి 2 కలపండి. రియాక్షన్ అప్పటి అంకె అంతకి తగ్గకుండా ఉంటే మాస్ట్ కణాలు రేగినట్టే. ఒకరి మామూలు స్థాయి 4 అనుకుందాం, హద్దు 6.8 అవుతుంది. రియాక్షన్‌లో 9 వస్తే అది గట్టి ఆధారమే. కానీ రిపోర్టులో సాధారణంగా 11.4 దాకా నార్మల్ అనే ఉంటుంది! ఆవిడ విషయంలో మామూలు స్థాయి మాత్రమే దొరికింది, పోల్చడానికి మొదటి శాంపిల్ లేదు. ఇంకొకటి, తిండి వల్ల వచ్చే అనాఫిలాక్సిస్‌లో సరైన టైమ్‌లో తీసినా ట్రిప్టేజ్ చాలాసార్లు పెరగదు. అలాంటప్పుడు డాక్టరు నిర్ధారించేది లక్షణాలను బట్టే.

ఇక ప్యానెల్, అంటే చాలా పదార్థాలకి ఒకేసారి చేసే రక్తపరీక్ష. అందులో చూసేది ఐజీఈ అనే యాంటీబాడీ. అది పాజిటివ్ అంటే ఒంట్లో ఆ పదార్థాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ ఉందని, అంతవరకే. తింటే రియాక్షన్ వచ్చి తీరుతుందని కాదు. రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, దాని పోలికలున్నదే పరుపుల్లోని ధూళి పురుగుల్లోనూ బొద్దింకల్లోనూ ఉంటుంది. మన సముద్రపు తేమలో ధూళి పురుగులకి కొదవలేదు. వాటి అలర్జీ ఉన్నవాళ్లకి, రొయ్యలు హాయిగా తింటున్నా, రొయ్య పాజిటివ్ రావచ్చు. ముందు ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది అని అడిగి, అనుమానం ఉన్నవాటికే పరీక్ష రాయడం సరైన పద్ధతి.

కొన్ని ప్యానెళ్లలో కొలిచేది ఐజీఈ కూడా కాదు, ఐజీజీ అనే వేరే రకం యాంటీబాడీ. తిన్న తిండికి ఐజీజీ రావడం ఆరోగ్యవంతుల్లోనూ మామూలే, అలర్జీ నిర్ధారణకి దాన్ని వాడొద్దని యూరప్, అమెరికా అలర్జీ నిపుణుల సంఘాలు చెబుతూనే ఉన్నాయి. అలాంటి రిపోర్టు పట్టుకుని పాలు, గుడ్డు, గోధుమ మానిపించిన పిల్లాణ్ణి ఒకణ్ణి చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. పాలు తాగినందుకు వాడికి ఏనాడూ ఏమీ కాలేదని వాళ్లమ్మే చెప్పింది.