చెట్టు బొమ్మ చూసి ఎవరూ యాప్ వేసుకోరు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో అమ్మ ఖాతా ఉన్న బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటింగ్ మెషిన్ పాడై మూడు నెలలైంది. దాని మీద ఇప్పుడో పోస్టర్ అంటించారు. పచ్చటి చెట్టు, కింద ఒడియాలో కాగితం వాడకండి, మొబైల్ యాప్ వాడండి అని. అమ్మ సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళు. ఒడియా గడగడా మాట్లాడుతుంది, అక్షరం ముక్క చదవలేదు. చదివి చెప్పాను.

"ఏటిరా, సెట్టు బొమ్మెట్టీసి నా పుస్తకం ఆపీసినారా?" అంది.

అంతకంటే సూటిగా నేనూ చెప్పలేను. కంపెనీలకు ఇప్పుడు సస్టెయినబిలిటీ అనే మాట మీద మహా మోజు. పర్యావరణం మీద ప్రేమ చూపిస్తే జనానికి గురి కుదిరి, యాప్ వాడతారని లెక్క. పెద్ద ఊళ్ళలో కుదురుతుందేమో. మా వీధిలో యాప్ వేసుకున్నవాళ్ళు చెట్ల కోసం వేసుకోలేదు, కూరగాయల బండి దగ్గర చిల్లర గొడవ పడలేక వేసుకున్నారు.

చెట్ల మీద నాకేం కోపం లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి మా గజపతి జిల్లా ఏమైందో చూశాం. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఛార్జింగ్ ఉన్నన్నాళ్ళు ఫోన్ టార్చిలైటు. బ్రాంచి మీద సోలార్ పలకలు పెట్టి, అలాంటి రోజున కూడా తలుపు తెరిస్తే, ఆ పచ్చదనానికి దండం పెడతాను. పోస్టర్‌కి పెట్టను.

పోయినేడు పిన్ని పాతపట్నంలో చీర కొని 1,850 రూపాయలు ఫోన్‌లో కొట్టింది. ఖాతాలోంచి డబ్బు పోయింది, షాపాయనకి చేరలేదు. బ్రాంచికెళ్తే "వచ్చేస్తాదమ్మా" అన్నారు. 11వ రోజుకి వచ్చింది. ఆలోగా ఆవిడ యాప్ తీసేసి, ఇంక నోట్లే అని ఒట్టు పెట్టేసుకుంది. ఇలా షాపుకి చేరని డబ్బు 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి, ఆలస్యమైతే బ్యాంకు రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో పెట్టిన రూలు ఇది. ఇది ఏ గోడ మీదైనా చూశారా మీరు? నేను కాగితం మీద రాసిచ్చాను (అవును, కాగితమే). 600 పడ్డాయి. ఆ సాయంత్రమే పిన్ని నన్ను పిలిచి మళ్ళీ యాప్ వేయించుకుంది.

తమాషా ఏంటంటే ఇలా కస్టమర్ ఫిర్యాదు తేల్చడం కూడా సస్టెయినబిలిటీ కిందికే వస్తుంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ రూలు ప్రకారం 2022-23 నుంచి తప్పనిసరిగా ఇవ్వాల్సిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సస్టెయినబిలిటీ) నివేదికలో మొత్తం 9 సూత్రాలు, తొమ్మిదోది కస్టమర్ల గురించే. ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని తేలకుండా ఉన్నాయి, రాయాలి. ఆ పేజీ తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చేసి మెషిన్ మీద అంటించండి, ఒక్క కాగితానికి అడవేం తరిగిపోదు.

అమ్మ మాత్రం పాస్‌బుక్ సంచిలో పెట్టుకుని నిన్న కూడా వెళ్ళొచ్చింది. మెషిన్ ఇంకా బాగవలేదట. పోస్టర్ మాత్రం కొత్తది వేశారట.