ఏ వీధిలో ఎన్ని చెవులు?

2023 ఫిబ్రవరి 19, ఆదివారం. సెలవు రోజు కదా అని వాచ్‌మన్ తండ్రి వెంట వెళ్లిన నాలుగేళ్ల పసివాణ్ని అంబర్‌పేటలో కుక్కలు చుట్టుముట్టి చంపేశాయి. సీసీ కెమెరా దృశ్యాలు చూసి హైదరాబాద్ వణికిపోయింది. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, సమీక్షలు జరిగాయి, కుక్కల బండ్లు గల్లీ గల్లీ తిరిగాయి. ఆ తర్వాత షరా మామూలే. నగరంలో జంతువుల సంరక్షణ, నియంత్రణ అన్నది నేటికీ చావుకబురు వెంట పరుగెత్తే పనిగానే మిగిలింది.

చట్టం చెప్పే పద్ధతి చిన్నదే. 2023లో కేంద్రం తెచ్చిన జంతు సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవికి గాటు పెట్టాలి, పట్టిన చోటే వదలాలి. ‘పట్టుకెళ్లినదాన్ని మళ్లీ మా నెత్తిన ఎందుకు వదులుతారు?’ అన్నది బస్తీల్లో ఎవరైనా వేసే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అయితే తిండి దొరికే వీధి ఖాళీగా ఉండదు. పాత కుక్కలు పోతే పక్క వీధివి వస్తాయి, వాటికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు. విషం పెట్టినా, తుపాకీ పేల్చినా జరిగేది ఇదే. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కల్ని కాల్చి చంపారు. అది నేరం, పైగా నిష్ఫలం.

మా అభ్యంతరం పద్ధతి మీద కాదు, లెక్క మీద. ఏడాదిలో ఇన్ని వేల ఆపరేషన్లు చేశామని జీహెచ్‌ఎంసీ చెబుతుంది. ఆ మొత్తం నగరవాసికి ఏమీ చెప్పదు. కుక్క చూడి కాలం అటూ ఇటూ 63 రోజులు, ఏడాదికి రెండు ఈతలకూ అవకాశముంది. ఒక కాలనీలో సగానికి ఆపరేషన్లు చేసి సగాన్ని వదిలేస్తే, మిగిలిన ఆడకుక్కలు చాలు ఆ ఖర్చంతా బూడిదలో పోయడానికి. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే తప్ప రేబిస్ గొలుసు తెగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. ఆపరేషన్ల విషయంలోనూ అంతే, ఒక్కో ప్రాంతాన్ని పూర్తిగా ముగించి ముందుకు కదలాలి. మన దగ్గర ఫిర్యాదు వచ్చిన చోటికి బండి పోతుంది, చేతికి చిక్కిన నాలుగింటిని ఎత్తుకొస్తుంది. బిస్కెట్‌కు తోకాడిస్తూ వచ్చేవి దొరుకుతాయి, బండి చప్పుడుకే మాయమయ్యేవి మిగులుతాయి. అసలు బెడద వాటితోనే.

గోవా ఏం చేసిందో చూడండి. ఏటా వేల కొద్దీ కుక్కలకు ఊరూరా, వీధి వీధీ తిరిగి టీకాలు వేశారు, ఎక్కడెక్కడ వేశారో ఫోన్‌లో నమోదు చేశారు. 2021లో ఆ రాష్ట్రం రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకుంది. గోవా చిన్న రాష్ట్రమనే సాకు చెల్లదు. ఒక వార్డు గోవా కంటే ఎంతో చిన్నది.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు మరో బరువు మోపింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లో పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడ వదలరాదంది. మరి ఎక్కడ ఉంచుతారు? నగరంలోని కేంద్రాలు ఆపరేషన్ చేసి కొద్దిరోజులు ఉంచి పంపడానికి కట్టినవి, జీవితాంతం సాకడానికి కాదు. స్థలం, తిండి, పశువైద్యులు, రాత్రి కాపలా, వీటికి బడ్జెట్‌లో విడిగా పద్దు లేకుండా షెల్టర్లు తెరిస్తే అవి కుక్కల చెరసాలలవుతాయి.

చికెన్ సెంటర్ల సంగతి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. రాత్రి షట్టర్ దించేముందు ఈకలు, పేగులు మూటగట్టి మూలమీద విసిరే దుకాణం ఉన్నంతకాలం అక్కడ గుంపు కడుతూనే ఉంటుంది. ఇంటి గేటు ముందు అన్నం కుమ్మరించి లోపలికి పోయే జంతుప్రేమికులూ ఆలోచించాలి. వార్డుకో చోటు కేటాయించి అక్కడే తిండి పెట్టించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులోనే చెప్పింది. తిండి పెట్టే చేతిని కుక్క నమ్ముతుంది, పట్టేవారికి ఆ చేతి సాయమే కావాలి. తిండి పెట్టేవారిని శత్రువులుగా చూడటం సిబ్బందికీ నష్టమే.

కరిచాక చేయాల్సింది మరో సగం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే పాత భయం ఇంకా కొందరిని ఆపుతోంది. ఇప్పుడవి లేవు, టీకా చేతికే వేస్తారు. గాయం మీద పసుపు, కారం, సున్నం అద్దకుండా ముందు పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. చర్మం తెగేలా కరిస్తే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ సీరం, అంటే రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే యాంటీబాడీల మందు, కూడా ఎక్కించాలి. ఆ సీరం కోసం శివారు కూలీ రోజు పని మానుకుని నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) దాకానో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి దాకానో రావాల్సిన పరిస్థితి ఉండకూడదు. టీకా ప్రతి బస్తీ దవాఖానాలో, సీరం ప్రతి ఏరియా ఆసుపత్రిలో రాత్రీపగలూ దొరకాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక వైద్యుడు చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

నగర యంత్రాంగానికి మేం అడిగేది పెద్ద ప్రణాళిక కాదు. ప్రతి వార్డు కార్యాలయం గోడ మీద రెండు అంకెలు రాయండి: వార్డులో కుక్కలెన్ని, చెవికి గాటున్నవెన్ని. మూడు నెలలకోసారి వాటిని చెరిపి కొత్తవి రాయండి. సరిచూసే పని కాలనీ వాళ్లు చేసుకుంటారు, సాయంత్రం వీధిలోకి వచ్చి చెవులు లెక్కపెడితే చాలు.