సవరణ: స్పిట్‌ఫైర్‌లో ‘ఒక మెట్టు’ లేదు

ఆదివారం నాటి పోస్టులో, సిమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో విమానం నడిపే ఆటలో) ఏ యుద్ధవిమానమైనా సరే, ఫ్లాప్స్‌ను, అంటే రెక్కల వెనక అంచు దగ్గర కిందికి దిగే పలకలను, ఒక మెట్టు దించితే చిన్న వలయంలో తిరుగుతుందనీ, రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్‌తో మొదలుపెట్టమనీ రాశాను. అది తప్పు. ఎం.వి.పి. కాలనీలో ఉండే మా మేనల్లుడు నా మాట నమ్మి, మలుపు మధ్యలో వేగమంతా పోగొట్టుకుని సముద్రంలో పడ్డాడు. వెంటనే ఫోను: “మామయ్యా, ఇందులో ఒక మెట్టు అనేదే లేదు!”

యుద్ధకాలంలో పైలట్లకు ఇచ్చిన చేతిపుస్తకం తిరగేశాను. వాడిదే నిజం. స్పిట్‌ఫైర్ ఫ్లాప్స్‌కు రెండే స్థితులు: పూర్తిగా పైకి, లేదా దాదాపు 85 డిగ్రీలు కిందికి. నేలకు దిగేటప్పుడు వాడేందుకే అవి. పోరులో దించితే ఎదురుగాలికి తలుపు అడ్డం పెట్టినట్టే. పెరిగిన లిఫ్ట్ (పైకెత్తే బలం) కన్నా డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) దెబ్బే ఎక్కువ.

నేను రాసింది అమెరికా విమానం పీ-51డి మస్టాంగ్‌కు సరిపోతుంది. అందులో 10 డిగ్రీల ఫ్లాప్స్‌ను గంటకు 400 మైళ్ల వేగం వరకు వాడవచ్చు. జర్మనీ విమానం మెసర్‌ష్మిట్ 109లో చేతిచక్రం తిప్పి కావలసినంతే దించుకోవచ్చు. వాటిలోనూ వలయం చిన్నదవుతుంది గానీ వేగం కరిగిపోతుంది. మలుపు కాగానే ఎత్తేయాలి.

మస్టాంగ్‌లో అబ్బిన అలవాటును అన్నిటికీ అంటగట్టడం నా పొరపాటు. పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను.