నల్గొండోళ్ళకి ఫ్లోరైడ్ కలపడం కాదు, తీసెయ్యడం కావాలి
అమెరికాలో లాగ మన దగ్గర కూడా మంచినీళ్ళలో ఫ్లోరైడ్ కలిపితే పిల్లల పళ్ళు పుచ్చిపోవు అని మీరు రాశారు, ఆ మాట అక్కడ సరిపోతదేమో గానీ మాకు కాదండి. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ ఊళ్ళో ఇది మొదలుపెట్టినప్పుడు అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ చాలా తక్కువ, ఇప్పుడు అక్కడ కలిపే చోట్ల కూడా లీటరుకి 0.7 మిల్లీగ్రాములే ఉండేలా చూస్తారు, మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, బోరు వేస్తే రాళ్ళలోంచే ఫ్లోరైడ్ వస్తది, 1.5 దాటొద్దు అంటారు, మేం తాగింది దానికి ఎన్నో రెట్లు. ఆ నీళ్ళు తాగే మా నాయనమ్మకి నలభై ఏళ్ళకే నడుం వంగిపోయింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే, ఆఖరికి మంచంలోనే పోయింది. కాచి తాగితే పోతదనుకునేవాళ్ళం, కాస్తే నీళ్ళు ఇగిరి ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువైతదని తర్వాత తెలిసింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టారంటే మా బాధ ఎంతటిదో చూడండి. నల్లాల్లో కృష్ణా నీళ్ళు వచ్చాకే మా ఇంట్ల పిల్లల పళ్ళు తెల్లగా కనపడుతున్నయ్. పళ్ళ కోసమైతే ఫ్లోరైడ్ పేస్టు ఉంది కదా, అది వాడితే చాలు, ముందు ఊరూరా బోరు నీళ్ళు టెస్టు చేయించమని రాయండి.