సంచి సరే, మీటరు సంగతి?

గుడ్డ సంచితో రైతు బజారుకు వెళ్లినంత మాత్రాన ప్రకృతికి మన బాకీ తీరిపోదు. కోపంగానే అంటున్నాను. పదేళ్లుగా నేనూ తీరిపోయిందనే అనుకున్నాను మరి.

నిరుడు ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు వచ్చిన కరెంటు బిల్లులు, గ్యాస్ రసీదులు, పెట్రోలు ఖర్చు ముందేసుకుని మొన్న ఒక రాత్రి కూర్చున్నాను. ఇంట్లో నలుగురం. ఏడాదికి 3,600 యూనిట్లు వాడాం. మన దేశంలో యూనిట్ కరెంటుకు భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.7 కిలోలు వెలువడుతుంది, ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి. అంటే దాదాపు 2,500 కిలోలు! మా విశాఖ దగ్గరి పరవాడ వైపు వెళ్లినప్పుడల్లా సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలను చూస్తూనే ఉన్నాను. అక్కడ మండే బొగ్గులో మా పడకగది వాటా కూడా ఉందని ఏనాడూ తోచలేదు. వంటకు 8 సిలిండర్లు, ఒక్కోదానికి 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 340 లోపే. స్కూటరుకు 120 లీటర్ల పెట్రోలు, అది ఇంకా తక్కువ, 280 కిలోలు.

బిల్లుల్లో కనిపించనిది ఇంకొకటి ఉంది. ఏసీ చల్లబడటం లేదని ఈ ఏప్రిల్‌లో మెకానిక్‌ను పిలిచాం. "గ్యాస్ తగ్గింది సార్, నింపేస్తాను" అన్నాడు. కిందటి వేసవిలోనూ ఇదే మాట. ఆ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండాల్సింది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ముందు అది చూడమని పట్టుబట్టాను. బయటి యూనిట్ దగ్గర రాగి గొట్టం నట్టుకు పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రపు ఉప్పుగాలి దేన్ని వదిలింది గనుక. దాని చుట్టూ సబ్బు నురగ రాశాడు. కాసేపటికి ఆవగింజంత బుడగ లేచింది, ఉబ్బింది, పగిలింది. దాని వెనకే ఇంకొకటి.

మా ఏసీలో ఉన్నది ఆర్-410ఏ అనే గ్యాస్. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,000 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అర కిలో కారిపోతే టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. నా స్కూటరు మూడున్నరేళ్లు తిరిగితే వచ్చేంత! ప్రతి వేసవిలో మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో కారేచోటు వెతకకుండానే నింపేసి వెళ్లిపోతున్నారో తలుచుకుంటే కడుపు రగులుతోంది. దయచేసి అడగండి. కారేచోటు బిగించాకే నింపమనండి.

విశాఖ ఉక్కపోతలో ఏసీ మానేయమని నేను చెప్పను. 26 డిగ్రీలు పెట్టి పైన ఫ్యాను వేసుకుంటే హాయిగా నిద్ర పడుతోంది. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది.

బీచ్‌లో చెత్త ఏరేవాళ్లను తక్కువ చేయడం లేదు. ప్లాస్టిక్ సముద్రంలోకి పోకుండా ఆపాల్సిందే. కానీ అది వేరే మేలు, ఇది వేరే లెక్క. రాత్రంతా 18 డిగ్రీల్లో పడుకుని, పొద్దున్నే పెదజాలరిపేటలో చేపలు కవర్లో వేసిచ్చిన అమ్మను మందలించే హక్కు మనకు లేదు. ఆమె ఇంట్లో ఒక్క ఫ్యానే తిరుగుతూ ఉండవచ్చు.

ఒక్కొక్కరి వల్ల ఎంత కార్బన్ వెలువడుతుందో చెప్పే ఈ 'కార్బన్ పాదముద్రల' లెక్కను ప్రచారంలోకి తెచ్చినది బీపీ అనే చమురు కంపెనీయే, 2004లో సొంత కాలిక్యులేటర్ కూడా పెట్టింది, తప్పంతా జనం మీదికి నెట్టడానికే కదా అని మిత్రులు వాదిస్తారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయినా లెక్క వేశాకే ఏమి అడగాలో నాకు తెలిసింది. ఆ 2,500 కిలోల్లో నేను పొదుపుతో తగ్గించగలిగేది కొంతే. మిగతాది తగ్గాలంటే బొగ్గు పోయి ఎండ రావాలి. ముడసర్లోవ జలాశయం నీళ్ల మీద 2018 నుంచే 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. ఏడాది పొడవునా ఎండ కాసే మా అపార్ట్‌మెంట్ మేడ మీద మాత్రం బట్టలు తప్ప ఏమీ లేవు.

వచ్చే ఆదివారం సంఘం సమావేశం ఉంది. లిఫ్టుకు, నీళ్ల మోటారుకు, మెట్ల లైట్లకు వచ్చిన ఏడాది ఉమ్మడి బిల్లులన్నీ తీసుకుని వెళుతున్నాను.