నల్లగొండ ఎండకు పవర్ తక్కువట!

మే నెల మిట్టమధ్యాహ్నం నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర నిలబడి, నెత్తిన తువ్వాల కప్పుకొని, "ఈ మధ్య సూర్యుడిలో దమ్ము తగ్గింది" అని నిట్టూర్చే మనిషిని మీరెప్పుడైనా చూశారా? డాంబరు రోడ్డుకు చెప్పులు అంటుకుంటున్నా ఆయన మాట మార్చడు. పిచ్చివాడనుకోకండి. ఆయన హ్యామ్ రేడియో ఆపరేటరు, అంటే సరదా కోసం సొంత రేడియోలో దేశదేశాలవాళ్లతో మాట్లాడేవాడు. ఢిల్లీ నుంచి వచ్చిన లైసెన్సు, వీయూతో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో పిలుపు పేరు), డాబా మీద ఒక యాంటెన్నా తీగ, సూర్యుడి మీద తీరని కసి ఉన్న బాధ్యతగల పౌరుడు.

ముందు ఫిర్యాదుదారు వాదన వినడం న్యాయం. షార్ట్‌వేవ్ సిగ్నల్ దూరదేశం చేరాలంటే పైన అయనోస్ఫియర్ (విద్యుదావేశ కణాలున్న పైవాతావరణం)లోని ఎఫ్ పొర దాన్ని మళ్లీ కిందికి వంచాలి. ఆ పొరకు బలమిచ్చేది సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు. మన వీపు మాడ్చే ఎండకూ దానికీ సంబంధం లేదు. ఇక్కడ 45 డిగ్రీలు కొట్టినా ఎఫ్ పొరకు చీమ కుట్టినట్టయినా ఉండదు. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువుంటే ఆ కిరణాలు ఎక్కువ, లేకుంటే తక్కువ. మచ్చలు ఒక లెక్క ప్రకారం పెరిగి తగ్గుతాయని జర్మనీలో ష్వాబే 1843లోనే చెప్పాడు. ఆ లెక్క సుమారు 11 ఏళ్లని తర్వాత తేలింది.

2024లో సూర్యుడు మంచి ఊపు మీదున్నాడు. పది మీటర్ల బ్యాండ్ (తరంగం పొడవును బట్టి ఆ పేరు) తెరుచుకుంది, తీగముక్క ఉన్నవాడికల్లా ఖండాలు పలికాయి. ఇప్పుడాయన మెల్లగా మెట్లు దిగుతున్నాడు. దాంతో మా హ్యామ్‌వాళ్లు పాత ఫైలు బయటికి తీశారు. అందులో నిందితుడి హాజరు పట్టీ ఉంది. 2019లో 270 రోజులకు పైగా ఆయన ముఖాన ఒక్క మచ్చా లేదు. 2008, 2009 కూడా దాదాపు అంతే. ఒక్క ఏడాదిలో అన్ని సెలవులా? ఎవరడిగేవారున్నారని? 2019 డిసెంబరులో అట్టడుగుకు చేరాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మనల్ని ఇళ్లలోకి తోసేసరికే ఆయన తలుపేసుకుని కూర్చున్నాడు. ఇంకా వెనక్కి పోతే, 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు మాయమే. ఆ డెబ్బై ఏళ్లలో గోల్కొండ కూలింది, కుతుబ్‌షాహీలు పోయారు, మొఘలులు వచ్చారు. బ్యాండ్ డెడ్ అయిందని మాత్రం ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. రేడియో పుట్టని కాలంలో ప్రజలు ఎంత ఓర్పుగా బతికారో చూడండి.

ఇక ప్రతివాది తరఫున నాలుగు ముక్కలు.

సూర్యుడు తగ్గాడన్నది హ్యామ్‌కు దొరికిన అత్యుత్తమ సాకు. కాల్ చేస్తే ఎవరూ పలకలేదా? ఆకాశంలో కండిషన్స్ బాగాలేవు. పలికినవాడికి మన మాట అర్థం కాలేదా? కండిషన్స్. యాంటెన్నాను రేడియోకు కలిపే కోయాక్సియల్ కేబుల్ కనెక్టర్ రెండు వానాకాలాల నుంచి తుప్పు పడుతోందా? అదీ కండిషన్సే. వాటర్ ట్యాంకు పక్కన ఆరడుగుల ఎత్తున, బట్టలారేసే దండెం పక్కన డైపోల్ (రెండు రెక్కల తీగ యాంటెన్నా) కట్టి, పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతలున్నవాణ్ణి తిట్టడానికి చాలా గుండెధైర్యం కావాలి.

రిసీవర్‌లో గోల సంగతి చూడండి. పక్క పొలంలో బోరు మోటారు, దానికి ఆటోస్టార్టరు. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఇంటికి నాలుగు చార్జర్లు. మిర్యాలగూడ వైపు ఉంటే రైసుమిల్లు బోనస్. వీటన్నిటినీ మించి, వీధి చివర కొత్తగా పెట్టిన సోలార్ ప్యానెళ్ల ఇన్వర్టర్. సూర్యుడు పని చేయడం లేదని ఏడ్చేవాడి చెవిలో పొద్దంతా బుర్రుమని మోగేది, సూర్యుడు పని చేస్తున్నాడు కాబట్టే మోగుతోంది.

పది మీటర్లు పోతే నలభై, ఎనభై మీటర్ల బ్యాండ్లు ఎక్కడికి పోయాయి? రాత్రి, ఎఫ్ పొర కింద ఉండి సిగ్నల్‌ను మింగే డి పొర తప్పుకోగానే అవి బతుకుతాయి. సూర్యుడు చల్లగా ఉన్న ఏళ్లలో పగలు కూడా ఆ పొర కొంత పలచబడుతుంది, సిగ్నల్‌ను తక్కువ మింగుతుంది. అయస్కాంత తుపానుల బెడదా తక్కువే. 2024 మేలో సూర్యుడు విజృంభించినప్పుడేమైంది? లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిందని దేశమంతా ఫొటోలు పంచుకుంది, ఇక్కడ షార్ట్‌వేవ్ చెల్లాచెదురైంది. ఆ రోజు కూడా మావాళ్లు సూర్యుణ్నే తిట్టారు. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. కొత్త అల్లుడి మర్యాదల్లాగా.

మనకు ఇంకో వెసులుబాటుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొన మీదుగా పోతుంది, నల్లగొండ దానికి మరీ దూరం కాదు. ఆ చుట్టుపక్కల ఎఫ్ పొర బలంగా ఉంటుంది. ఉత్తర ఐరోపా హ్యామ్‌కున్నంత కరువు మనకుండదు. ఏడ్చే హక్కు ముందు ఫిన్లాండు వాడిది.

అసలు ఇబ్బంది ఆకాశంలో లేదు, ప్లాటులో ఉంది. ఎనభై మీటర్ల బ్యాండ్‌కు పూర్తి డైపోల్ వేయాలంటే సుమారు 130 అడుగుల తీగ కావాలి. 200 గజాల ప్లాటు పొడవు అరవై అడుగులు. మిగతాదానికి పక్కింటివారి దయ కావాలి.

"ఏందన్నా గీ తీగ? కేబుల్‌దా, కరెంటుదా?"

"రెండూ కాదే. రేడియోది. రష్యావోళ్లతోని మాట్లాడటానికి."

"నీకు ఫోన్ లేదా?"

ఈ ప్రశ్నకు జవాబు వందేళ్ల హ్యామ్ చరిత్రలో ఎవరూ కనిపెట్టలేదు. జవాబు చెప్పి ఒప్పించినా, తీగ కట్టిన మర్నాడే కోతులొస్తాయి. వాటికి సూర్యుడి మచ్చల లెక్కతో పని లేదు, ఉయ్యాల దొరికితే చాలు. వేసవిలో ఇంకో తంటా. గద్వాల దిక్కు ఎక్కడో ఉరిమితే ఎనభై మీటర్ల మీద ఇక్కడ పటపటమంటుంది. అందుకే కార్తీకం దాటి చలి దిగాక, తెల్లవారుజామున దుప్పటి కప్పుకొని కూర్చోవాలి. గోల తగ్గిన బ్యాండ్ మీద సన్నగా మోర్స్ కోడ్ టిక్కుటిక్కులు వినబడతాయి. గుంపు ఉండదు. రెండు కిలోవాట్ల ట్రాన్స్‌మిటరున్నవాడు మీద పడి అరవడు. ఎండాకాలపు పెళ్లి భోజనంలో సీటు దొరకనివాడికి ఇక్కడ నిమ్మళంగా చోటు దొరుకుతుంది. నా లెక్కలో హ్యామ్‌కు అసలైన సుఖం ఈ ఏళ్లలోనే.

అంత ఓపిక లేనివాళ్లకు ఎఫ్‌టీ8 ఉంది. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన జో టేలర్, స్టీవ్ ఫ్రాంకె అనే ఇంకో హ్యామ్‌తో కలిసి 2017లో తెచ్చిన డిజిటల్ పద్ధతి. చెవికి అసలు వినబడని సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ గోలలోంచి ఏరి చదువుతుంది. పదిహేను సెకన్లు వాళ్లది, పదిహేను సెకన్లు మనది. మాటా లేదు, ముచ్చటా లేదు, మధ్యలో చాయ్ తాగొచ్చు. నాకు పెద్దగా నచ్చదు గానీ, సూర్యుడి సాకును సగం చంపింది ఇదే.

ఇంత చెప్పినా వినకుండా కొందరు సోమవారం ప్రజావాణిలో సూర్యుడి మీద అర్జీ పెడతామంటున్నారు. ఏ శాఖకు పంపాలన్నది చిక్కే. ఆకాశానికి పాస్‌బుక్ లేదు కాబట్టి రెవెన్యూవాళ్లు తీసుకోరు. కరెంటోళ్లు ట్రాన్స్‌ఫార్మర్ దాకే మా బాధ్యత అంటారు. ప్రతివాది దేవుడు కాబట్టి దేవాదాయ శాఖకే పోవాలని ఒక పెద్దాయన సలహా. ఏ శాఖైనా సాక్ష్యం అడుగుతుంది కదా, అర్జీకి 2024 నాటి లాగ్‌బుక్ (ఎవరెవరితో మాట్లాడామో రాసుకునే పుస్తకం) నకలు జత చేద్దామని నేనన్నాను. సూర్యుడు ఊపు మీదున్న ఏడాదిలో ఎన్ని దేశాలు పలికాయో, ఇప్పుడెన్ని తగ్గాయో చూపితే కేసు గట్టిగా ఉంటుంది. అప్పటి నుంచి అర్జీ మాట ఎవరూ ఎత్తడం లేదు.