జాన్ కమిన్ ద్రోహి అన్నది ఎవరు?

ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లండ్‌ను లొంగదీయబోయిన రోజులవి. అతనికి ఎదురు నిలిచిన స్కాట్లలో విలియం వాలెస్, జాన్ కమిన్ అనే ప్రభువు, తర్వాత స్కాట్లండ్ రాజైన రాబర్ట్ బ్రూస్ ఉన్నారు. ఆ బ్రూస్ కథలో భాగంగా తెగ షేర్ అయ్యే మాట ఒకటుంది: "జాన్ కమిన్ ఇంగ్లండ్‌కు అమ్ముడుపోయాడు. ఫాల్కర్క్‌లో వాలెస్‌ను వదిలేసి పారిపోయాడు. ఆపైన బ్రూస్ రహస్యాన్ని ఎడ్వర్డ్ చెవిన వేశాడు. అందుకే బ్రూస్ అతన్ని చంపాడు." ఇందులో ఖాయంగా నిజమని చెప్పగలిగేది చంపడం ఒక్కటే.

ఫాల్కర్క్ సంగతి ముందు. 1298 జూలై 22న ఇంగ్లిష్ సేనతో జరిగిన ఆ యుద్ధంలో స్కాట్ల గుర్రపుదళం నిలబడకుండా వెళ్లిపోయింది, కాదనను. ఆ తప్పు కమిన్ నెత్తిన రుద్దింది మాత్రం తర్వాతి తరాల రాతలు. వాలెస్ తప్పుకున్నాక స్కాట్లు రాజ్య సంరక్షకులుగా, అంటే రాజు బదులు రాజ్యం చూసేవాళ్లుగా, పెట్టుకున్నది బ్రూస్‌నీ, ఈ కమిన్‌నీ. వెన్నుపోటు పొడిచినవాడి చేతిలో ఎవరైనా రాజ్యం పెడతారా?

ఇక అమ్ముడుపోయాడన్న నింద. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. కమిన్ తల్లి, గద్దె పోగొట్టుకున్న స్కాట్లండ్ రాజు జాన్ బేలియల్ తోబుట్టువు. మేనమామ రాజ్యం కోసం పోరాడినవాడు ఇతను. 1296లో కమిన్ వర్గం ఇంగ్లండ్ సరిహద్దులోని కార్లైల్ మీద పడితే, ఆ కోటను ఎడ్వర్డ్ తరఫున కాపాడింది బ్రూస్ తండ్రి! 1302 మొదట్లో బ్రూస్ ఎడ్వర్డ్‌కు లొంగిపోయాడు. కమిన్ లొంగలేదు. 1303 ఫిబ్రవరి 24న సైమన్ ఫ్రేజర్‌తో కలిసి బిగ్గర్ నుంచి రాత్రికి రాత్రి గుర్రాల మీద వచ్చి, రాస్లిన్ దగ్గర ఇంగ్లిష్ సేన మీద విరుచుకుపడ్డాడు. సేనాని సెగ్రేవ్ పట్టుబడ్డాడు. అదే ఏడాది మే నెలలో, అప్పటిదాకా మిత్రపక్షంగా ఉన్న ఫ్రాన్స్ స్కాట్లను గాలికొదిలి ఇంగ్లండ్‌తో సంధి చేసుకుంది. ఏ దిక్కూ లేక 1304 ఫిబ్రవరిలో కమిన్ లొంగాడు. అప్పుడు కూడా పాత స్కాట్ రాజు మూడో అలెగ్జాండర్ నాటి చట్టాలు, ఆచారాలు నిలవాలనీ, ఎవరి భూములూ పోకూడదనీ బేరమాడాడు. వాలెస్‌ను పట్టుకోమని ఎడ్వర్డ్ లొంగినవాళ్లకే పురమాయించిన మాట నిజమే. అయితే 1305లో వాలెస్‌ను పట్టిచ్చింది జాన్ మెంటీత్ అనే మరో స్కాట్ ప్రభువు మనుషులు.

బ్రూస్‌కూ కమిన్‌కూ పడేది కాదు, అది వాస్తవం. 1299 ఆగస్టులో పీబుల్స్‌లో జరిగిన సమావేశంలో వాలెస్ ఆస్తుల మీద గొడవ రేగి కత్తులు దూశారు, కమిన్ బ్రూస్ గొంతు పట్టుకున్నాడు. ఈ సంగతి ఒక ఇంగ్లిష్ గూఢచారి అప్పుడే పంపిన ఉత్తరంలో ఉంది.

రహస్యం చేరవేశాడన్న కథకు అలాంటి అప్పటి సాక్ష్యమేదీ? "కిరీటం నీకు, నీ భూములు నాకు" అన్న ఒప్పందాన్ని కమిన్ ఎడ్వర్డ్‌కు చూపించాడన్నది సుమారు 1375లో, బ్రూస్ మనవడు ఏలుతున్న కాలంలో వెలువడిన కావ్యంలో కనిపిస్తుంది. హత్య జరిగిన దాదాపు 70 ఏళ్లకు!

1306 ఫిబ్రవరి 10న డమ్‌ఫ్రీస్‌లోని గ్రేఫ్రయర్స్ చర్చిలో కమిన్‌ను పొడిచారు. అతని బాబాయి రాబర్ట్ కమిన్ కూడా బలయ్యాడు. మార్చి 25న బ్రూస్ స్కోన్‌లో కిరీటం పెట్టుకున్నాడు. ఆ తర్వాత కమిన్ బంధువర్గం ఇంగ్లండ్ పక్షాన కత్తి పట్టింది. అతని కొడుకు 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో బ్రూస్ మీద పోరాడుతూ చనిపోయాడు.